చూడకుండా పంపను

సోమవారం, ఉదయం 6:10
ఇవాళ్టి నుంచి ఒట్టు. నిజమో కాదో తేల్చుకోకుండా ఒక్క ఆరోగ్య సందేశం కూడా నా ఫోన్ దాటి పోదు. పోతే అడగండి!

కారణం రాసి పెట్టుకోవాలి, లేకపోతే మరిచిపోయినట్టు నటిస్తాను. నా సంగతి నాకు తెలుసు. "దోసగింజల నీళ్ళు తాగితే బీపీ మాత్రలు అక్కర్లేదు" అని నేను పంపిన మెసేజీ చదివి మా అక్క పదకొండు రోజులు మాత్రలు మానేసింది. నిన్న కుళాయి దగ్గర కళ్ళు తిరిగి పడింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. దెబ్బలేం తగల్లేదు, మా అదృష్టం. ఆరోగ్య కేంద్రం నర్సమ్మ నలుగురిలో నన్ను కడిగేసింది.

నియమాలు: ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? నర్సమ్మ ఏమంది?

మా ఆవిడకి చదివి వినిపించాను. "ఊఁ" అంది. ఆ "ఊఁ" నాకు నచ్చలేదు.

మంగళవారం, సాయంత్రం
వచ్చినవి 14. పంపినవి 0! శభాష్!

కానీ చెయ్యి ఊరుకోవడం లేదు. ముప్పై ఎనిమిదేళ్ళు పోస్ట్‌మాన్‌గా చేశాను. సాయంత్రానికి సంచిలో ఒక్క ఉత్తరం మిగిలినా అన్నం సయించేది కాదు. ఉత్తరంలో ఏముందో చూడ్డం మన పని కాదు, చేర్చడమే మన పని. ఆ అలవాటు ఫోన్‌లోకీ వచ్చేసింది. పద్నాలుగు లోపలే కూర్చున్నాయి, ఏం చేయను?

నర్సమ్మకి అయిదుసార్లు ఫోన్ చేశాను. ఆరోసారి ఆవిడే చేసింది. "బాబాయ్ గారూ, నన్ను టీకాలు వెయ్యనివ్వండి. రోజుకి ఒక్కసారి, నాలుగింటికి, అన్నీ కలిపి అడగండి."

బుధవారం, 4:20
తొమ్మిది అడిగాను. ఎనిమిది అబద్ధాలట. మిగిలింది ఒక్కటి: ఎండలో తిరిగేవాళ్ళు నీళ్ళు ఎక్కువ తాగాలి. గర్వంగా నా ఫోన్‌లో ఉన్న నలభై ఒక్కమందికీ పంపాను.

దర్జీ జవాబు: "ఇది మాకు తెలీదా పోస్టుగారూ?"

నిజాలు ఇంత చప్పగా ఉంటాయని నాకెవరూ చెప్పలేదు.

గురువారం
10:30 దర్జీ వీధిలో ఆపాడు. "ఒంట్లో బాగాలేదా? మీ మెసేజీలు రావడం లేదు." చూశారా! ఎదురుచూస్తున్నారు!

ఒకప్పుడు నా సైకిల్ బెల్లు వింటే జనం గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. రిటైరయ్యాక ఎవరూ రాలేదు. ఫోన్ వచ్చాకే మళ్ళీ ఆ గుమ్మాలన్నీ తొక్కాను. ఇప్పుడు అదీ లేదు. బాధగా ఉంది. నా డైరీలో నేను రాసుకుంటే తప్పేముంది?

11:00 పువ్వుల బొమ్మతో శుభోదయం పంపాను. అది ఆరోగ్యం కిందికి రాదు.

11:15 "రోజూ వంద అడుగులు వెనక్కి నడిస్తే మోకాళ్ళ నొప్పులు మాయం." ఇందులో మందేముంది? ఉత్త నడక. నడకకి కూడా నర్సమ్మ ఎందుకు? 41 మందికి.

శుక్రవారం
వడ్రంగి వెనక్కి నడుస్తూ, తను చెక్కుతున్న తలుపు మీదే పడ్డాడు. మడమ బెణికింది. చూసి రావడానికి వెళ్ళాను. "వెనక ఏముందో చూసుకోమని అందులో రాయలేదండీ" అన్నాడు.

నిజమే. తప్పు రాసినవాడిది.

శనివారం
9:00 "ఎర్రగీత ఉన్న మాత్రలు కిడ్నీలు తినేస్తున్నాయి. మీ ఆప్తులకి వెంటనే చెప్పండి!" అక్క బీపీ మాత్రల అట్ట మీద ఎర్రగీత ఉంది!

9:05 నర్సమ్మ ఫోన్ ఎత్తలేదు.

9:10 ఎత్తలేదు.

9:12 నిజమైతే? చెప్పకపోతే ఆ పాపం నాదే కదా? అందరికీ వద్దు. అక్క ఒక్కదానికే. ఒక్కరికి పంపితే పంపినట్టు కాదు.

9:13 పంపాను.

9:40 నర్సమ్మ చేసింది. "డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఆ గీత వేస్తారు బాబాయ్ గారూ. అంతే. ఎవరికీ పంపలేదు కదా?"

కుడికాలి చెప్పు ఎడమకాలికి వేసుకుని పరుగెత్తాను. రెండు వీధులు. అక్క గుమ్మంలో కూర్చుని, అట్టలన్నీ చింపి మాత్రలు కాగితంలో పోస్తోంది, పారేయడానికి. పొద్దుటి మాత్ర వేసుకోనేలేదు.

"మొన్ననేగా పడ్డావు అక్కా! మళ్ళీ ఎలా నమ్మావు?"

"నువ్వు పంపావు కదరా."

పక్కన కూలబడ్డాను.

"ఇంతకీ నీ మాట వినాలా, వద్దా? అదొక్కటి చెప్పు" అంది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది.

"వద్దక్కా. మందుల విషయంలో నా మాట వినకు. నర్సమ్మ మాట విను."

అన్నాను. ఏడుపొచ్చింది. అక్క మాత్ర మింగాకే అక్కణ్ణించి లేచాను.

ఆదివారం
రాయబుద్ధి కాలేదు.

సోమవారం, ఉదయం 6:10
మళ్ళీ మొదటి రోజు. ఒట్టు అదే. ఒక్కటి కలిపాను: రోజూ పొద్దున్నే అక్క దగ్గరికి వెళ్ళాలి. మాత్ర మింగేదాకా కదలకూడదు.

7:00 వెళ్ళాను. అక్క ఫోన్ చూపించింది. "దర్జీ పంపాడు. నిలబడి నీళ్ళు తాగితే మోకాళ్ళు అరిగిపోతాయట. నిజమేనా?"

అవునక్కా, నేనూ చదివాను అనబోయాను. నాలుక చివరిదాకా వచ్చింది.

"తెలీదక్కా. నాలుగింటికి అడిగి చెప్తాను."

అక్క కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూసింది. "నీకు డెబ్బై ఏళ్ళొచ్చాయి. నీ నోట ఆ మాట వినడం ఇదే మొదలురా" అంది.

తర్వాత బల్ల మీద కూర్చుని, కూర్చునే నీళ్ళు తాగి, మాత్ర వేసుకుంది. నేను అడిగి చెప్పేదాకా ఎందుకైనా మంచిదట.