పరదేశి క్వీన్ నైటీస్: ముప్పై రోజులు, ముప్పై రీల్స్

జులై 1
ఉదయం 5:10. లేచేను! అలారం మోగకముందే!

ఈ రోజు నుంచి ముప్పై రోజులు, రోజుకో రీలు. తప్పేదే లేదు. ఆన్‌లైన్ క్లాసులో సాయికిరణ్ సార్ చెప్పేరు: "ముప్పై రోజులు ఆపకుండా పెట్టినోడిని ముప్పై ఒకటో రోజున ఎవరూ ఆపలేరు." సారుకి ఇరవై మూడేళ్ళు. నాకు నలభై ఒకటి. అయినా సారు సారే.

వ్యాపారం: కాటన్ నైటీలు. కుట్టేది మా ఆవిడ ఝాన్సీ. పదహారేళ్ళుగా ఈ ముందు గదిలోనే కుడతంది. చోడవరంలో ఆడవాళ్ళందరికీ తెలుసు. ప్రపంచానికి తెలీదు. తెలియజెయ్యడం నా పని.

పేజీ పేరు పెట్టేను. పరదేశి క్వీన్ నైటీస్.

"పరదేశి క్వీనేటి?" అంది ఝాన్సీ.

"ఫౌండర్ పేరుండాలి. పరదేశి అంటే నేనే కదా."

"కుట్టేది నేను కదా?"

"అందుకే క్వీను."

మిషను తొక్కడం మొదలెట్టింది. అంటే ఒప్పుకున్నట్టే.

సాయంత్రం 4. మొదటి రీలు! "హాయ్ ఫ్రెండ్స్, నేను మీ పరదేశి!"
రాత్రి 7. లైకులు తొమ్మిది. అందులో ఒకటి నాది. ఒకటి ఝాన్సీ ఫోన్లోంచి నేను కొట్టింది.

జులై 2
ఫర్నిచర్ షాపులో ఉద్యోగం మానేసేను. పదకొండేళ్ళు మంచాలు అమ్మేను, చాలు. ఫౌండర్ అన్నోడు ఒకే పని మీద ఉండాలని సారు చెప్పేరు.

ఝాన్సీకి సాయంత్రం చెప్పేను.

"నన్నడిగేవా?"

"సర్‌ప్రైజ్!"

చేతిలో కత్తెర ఉంది. కొంచెం పక్కకి జరిగేను.

జులై 5
సమస్య: మోడలు. హేంగరుకి తగిలిస్తే నైటీ అందం తెలీడం లేదు. ఝాన్సీని వేసుకుని నిలబడమన్నాను. సూసింది. ఆ సూపుకి మళ్ళీ అడగలేదు.

షర్టు మీద నేనే వేసుకున్నాను. బులుగు పువ్వుల నైటీ, డబుల్ ఎక్సెల్. గిర్రున తిరిగేను.

మూడు వేల నాలుగొందల వ్యూస్!!!

మెసేజీలు అరవై రెండు. ఆర్డర్లు సున్నా. ఎక్కువమంది అడిగింది: "అన్నా, పెళ్ళయిందా?" రోలుగుంట నుంచి బావమరిది ఫోను. "బావా, రంగు నీకు నప్పింది." మార్కెట్ స్పందిస్తోంది.

జులై 9
వాన. కరెంటు లేదు. రీలు లేదు.
వాన పడ్డ రోజు లెక్కలోకి రాదు.

జులై 10
వాన తగ్గింది. నాకు జలుబు. జలుబుతో గొంతు బ్రాండుకి సరిపడదు.

జులై 11
మూడ్రోజులవి ఒకేసారి తీసేస్తాను. మధ్యాహ్నమంతా మిషను ఆపించేను, సౌండు పడుతోందని. చీడికాడ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు కొలతలివ్వడానికొస్తే షూటింగయ్యేదాకా అరుగు మీద కూర్చోమన్నాను. గంట కూర్చున్నారు. బస్సు టైమయిందని వెళ్ళిపోయేరు.

"వాళ్ళు ఆరు నైటీలకి గుడ్డ తెచ్చేరు," అంది ఝాన్సీ.

"ఇద్దరి గురించి ఆలోచిస్తే ఇద్దరి దగ్గిరే ఆగిపోతాం."

ఈ మాట నాకే నచ్చింది. రేపటి రీలుకి రాసుకున్నాను.

జులై 14
లైకులు పడిపోయేయి. పద్నాలుగు, పదకొండు, ఆరు. సారుకి ఫోను చేసేను. "మీ మొహం వద్దు సార్, జనానికి బోరు. కస్టమర్‌ని సూపించండి. సహజంగా ఉండాలి. వాళ్ళకి తెలీకుండా తీస్తే ఇంకా సహజం."

మొహం మాట కొంచెం గుచ్చుకుంది. మిగతాది బాగుంది.

మధ్యాహ్నం 3. నూకరత్నం వచ్చింది. దేవరాపల్లి దగ్గిర అంగన్‌వాడీ టీచరు. ఝాన్సీకి పాత కస్టమరు, స్నేహితురాలు. కుట్టించుకున్న నైటీ వేసుకుని అద్దం ముందు తిరుగుతోంది. "ఒసే ఝాన్సీ, ఇందులో ఇంకో మనిషి కూడా పడతాదే!" అని ఒకటే నవ్వు. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుతన్నారు.

ముందు గది కర్టెను సందులోంచి తీసేను. ఇరవై రెండు సెకన్లు. ఎంత సహజం!
5 గంటలకి పెట్టేసేను.

జులై 15
ఉదయం 6. పదకొండు వేలు!
ఉదయం 10. నలభై వేలు!!
సాయంత్రం 6. లక్షా పదివేలు!!! సారు చప్పట్ల బొమ్మలు పంపేరు. ఇరవై మూడు.

ఝాన్సీకి ఇంకా చెప్పలేదు. సర్‌ప్రైజ్.

జులై 16
కామెంట్లు చదివేను. నైటీ గురించి ఎవడూ రాయలేదు. ఆవిడ వొంటి గురించి రాసేరు. రెండు చదివి మూసేసేను. దీన్ని ఎంగేజ్‌మెంట్ అంటారు.

మధ్యాహ్నం 12. ఝాన్సీ ఫోను మోగింది. నూకరత్నం. ఇవతలికి ఏడుపు వినపడింది. మిషను ఆగింది.

"తీసెయ్," అంది ఝాన్సీ.

"లక్షా నలభై వేలయిందే..."

"తీసెయ్."

అరవలేదు. పంతొమ్మిదేళ్ళ కాపరంలో అరవకుండా మాట్లాడితే ఏమవుద్దో నాకు తెలుసు. తీసేసేను.

2 గంటలకి ఇంకో పేజీలో కనపడింది. ఎవడో పాట కూడా కలిపేడు. రిపోర్టు కొట్టేను. 4 గంటలకి ఇంకో రెండింట్లో. వాటికీ కొట్టేను. ఒకడికి మెసేజ్ పెట్టేను, "ఆవిడ్ని అడక్కుండా ఎలా పెడతావు?" అని. "నువ్వు అడిగేవా బ్రో?" అన్నాడు.

జులై 17
రీలు లేదు.

ఉదయం ఒకావిడ గుమ్మం దాకా వచ్చింది. "మీ ఆయనున్నాడా లోపల?" ఉన్నాడంది ఝాన్సీ. గుడ్డల సంచీతో అలాగే వెనక్కి తిరిగింది. మధ్యాహ్నం ఇంకొకావిడ. అదే ప్రశ్న. సాయంత్రం ఎవరూ రాలేదు. పదహారేళ్ళలో ముందు గది ఇలా ఖాళీగా ఉండడం నేనెప్పుడూ సూడలేదు.

సారు ఫోను. "తీసేసేరేటి సార్! తిట్లు కూడా పబ్లిసిటీయే. మీకు మళ్ళీ ఇలాంటిది దొరకదు."

"మీ అమ్మగారిది పెడతావా బాబూ?" అన్నాను.

లైను కట్టయింది. క్లాసు గ్రూపులోంచి కూడా నన్ను తీసేసేడు.

జులై 18
ఝాన్సీని రమ్మన్నాను, నూకరత్నం దగ్గిరకి.
"నేనెందుకు? తీసింది నేనా?"
ఒక్కడినే దేవరాపల్లి బస్సెక్కేను. దారంతా మాటలు తయారు చేసుకున్నాను. వ్యాపారం కోసం. మంచి ఉద్దేశంతో. చెరకు తోటలు పోతన్నాయి, మాటలు కూడా పోతన్నాయి.

అంగన్‌వాడీలో పిల్లలు కోడిగుడ్లు తింటన్నారు. నూకరత్నం గుమ్మంలోనే ఆపింది.

"ఇప్పుడు కూడా తీస్తన్నావేటి? జేబులో ఏటది?"

ఫోను చెప్పుల పక్కన పెట్టేను.

"మా మరిది టీ కొట్టు కాడ సూసేడట. పదిమందిలో. ఈ పిల్లల తల్లులు నిన్నట్నుంచి నాకేసి సూసి కొంగులు అడ్డం పెట్టుకుంటన్నారు."

"వ్యాపారం కోసం, మంచి ఉద్దేశంతో..."

"నీ వ్యాపారానికి నా వొళ్ళేటి?"

బస్సులో తయారు చేసుకున్నవి ఒక్కటీ పనికి రాలేదు.

"నేను నవ్వింది మీ ఆవిడతో. నీతో కాదు, ఊరితో కాదు. అలాగ నవ్వుకోడానికి నాకున్నది ఆ గదొక్కటే. అదీ లేకుండా చేసేవు."

తప్పయిపోయిందన్నాను. పర్లేదని అంటాదేమో అని సూసేను. అనలేదు. ఒక పిల్లకి ముక్కు తుడిచింది. తర్వాత అంది: "నా మిగతా రెండు నైటీలూ సోమవారం నాటికి కుట్టి ఉంచమను. నేనొచ్చినప్పుడు నువ్వుండకూడదు."

జులై 21
నూకరత్నం వచ్చింది. నేను బస్టాండులో రెండు గంటలు కూర్చున్నాను. ఫోను ఇంట్లో పెట్టేసి. ఎంత పెద్దవో రెండు గంటలు!

ఇంటికొచ్చి అడిగేను, "ఏమంది?"

"నీకెందుకు?" అంది ఝాన్సీ.

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరూ ఏడ్చేరో, నవ్వేరో తెలీదు. తెలుసుకునే హక్కు నాకు లేదు. ఇది నేనే అనుకున్నాను, సారు చెప్పలేదు.

జులై 24
కర్టెను తీయించి గదికి తలుపు పెట్టించింది ఝాన్సీ. లోపల గడియ. వడ్రంగి పక్కన నిలబడి మేకులందించేను.

ఫర్నిచర్ షాపుకి వెళ్ళేను. "మళ్ళీ వచ్చేవా క్వీనూ?" అన్నాడు ఓనరు. షాపులో అందరూ నవ్వేరు. నేనొక్కడినే నవ్వలేదు. మంచాల దగ్గిర ఖాళీ లేదట. పరుపుల దగ్గిర పెట్టేడు.

జులై 30
ముప్పయ్యో రోజు. మొత్తం పెట్టిన రీల్స్: తొమ్మిది. వానరోజూ జలుబురోజూ కలిపితే పదకొండు.

ముందు గదికి మనుషులొస్తన్నారు. ఒక్కొక్కరూ. తలుపు మూసి గడియ వేసి, రెండుసార్లు లాగి సూసుకుంటన్నారు. ఆ చప్పుడు వినపడినప్పుడల్లా నేను వీధిలోకి పోతన్నాను.

ఆగస్టు 1
ఉదయం 6. ఝాన్సీయే అడిగింది! "ఆ పేజీ ఉందా, పోయిందా?"

ఉందన్నాను.

"పేరు మార్చు. ఝాన్సీ నైటీలు. అంతే. నేను సెప్పింది తియ్యాలి. నన్నడిగేకే పెట్టాలి. మనుషులు కనపడకూడదు. నువ్వు కనపడకూడదు, వినపడకూడదు."

అన్నిటికీ ఊ అన్నాను. మళ్ళీ మొదలు! ముప్పై రోజులు! మొదటి రోజు!

ఉదయం 8. మెడ పట్టీ కుట్టడం తీసేను. ఆవిడ చేతులు, గుడ్డ, సూది. అంతే. కుడతా మాట్లాడుతోంది. "మెడ ఇక్కడ లాగితే ముడత పడతాది. ఇలాగ వదిలెయ్యాలి. గుడ్డ దారిన గుడ్డ పోవాలి." ఎవరితోనో పక్కింటావిడతో చెప్తన్నట్టు. హాయ్ ఫ్రెండ్స్ లేదు, ఏమీ లేదు. నేను పెట్టిన తొమ్మిదీ ఒకెత్తు, ఇదొకెత్తు. ఊపిరి బిగబట్టేను. ముప్పై సెకన్లు. ముప్పై అయిదు. పట్టీ తిప్పి ఇస్త్రీ పెట్టినట్టు వేలితో నొక్కింది.

"సూపర్ ఝాన్సీ!" అన్నాను, గట్టిగా.

సూది ఆగింది. ఫోన్లో నా గొంతే.

"దారం అయిపోయింది," అంది ఝాన్సీ. "ఇంక రేపే."

ఈ రోజు లెక్కలోకి రాదు. రేపు మొదటి రోజు.