పసుపు లేని కల్లం

మన రవి వాళ్ల నాయినా,

మొన్న పొద్దున నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్క నుంచి కారిపోయాయి. నువ్వు చనిపోయిన ఇన్నాళ్లకు అద్దంలో చూసుకుంటే నువ్వే కనిపించావు. ఆనాటి నీ వంకర మూతి, మూతపడని కన్ను.

మీ అక్క నన్ను చూసి తన చాయ్ గ్లాసు దూరం జరుపుకుంది. "నా తమ్మునికొచ్చిన ఎయిడ్సే నీకు గూడ అంటుకున్నది" అంది. నాకూ అదే అనుమానం. బస్సులో దారిపొడవునా నిన్ను తిట్టుకుంటూ నిజామాబాద్ పోయి రక్తం ఇచ్చి వచ్చాను.

ఈ రోజు డాక్టరు అన్నాడు: "నీకు ఆ రోగం లేదమ్మా. మూతి వంకర ఉత్తగ గూడ వస్తది, తగ్గుతది. మీ ఆయనకు వంకరైనప్పుడే రక్తం చూసి రోగమని చెప్పిన. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నీ ఆఖరి రోజుల్లో గాని నాకు తెలియలేదు. ఆ ఏడు ఉడకబెట్టి ఆరబోసిన పసుపుకు కాపలా అంటూ ఊరి బయట కల్లంలో పడుకున్నావు. పసుపంతా ఆర్మూర్ మార్కెట్‌కు పోయాక కూడా ఇంట్లో పడుకోలేదు.

"ఉత్త కల్లంల ఏమున్నది? ఎవతున్నది?" అని వాకిట్లో నిలబడి అరిచాను. నువ్వు చద్దరు తీసుకుని వెళ్లిపోయావు.

అంతకుముందు సంగతి నాకు తెలియదు. ఆ కల్లంలో మాత్రం ఎవతీ లేదు. నాకు అంటకూడదనే అక్కడ పడుకున్నావు.

మరి నాతో ఎందుకు చెప్పలేదు? తెలిస్తే వదిలిపెట్టి పుట్టింటికి పోతాననుకున్నావా?

అంటే నువ్వూ నన్ను అనుమానించావన్నమాట.