మామయ్య స్పీడు

బార్నెవెల్డ్, 1970 అక్టోబర్ 20

ఒరేయ్ టైమెన్,

నువ్వక్కడ మిలిటరీ బూట్లు తోముకుంటుంటే ఇక్కడ మన బ్యాండు కొంప మునిగేలా ఉంది. వెంటనే సెలవు అడుగు.

మన మొదటి రికార్డు వచ్చింది కదా. అందులో సైతాను సంగీతం వినిపిస్తే, మనం ప్రాక్టీసు చేసే షెడ్డు మళ్లీ కోళ్లకే ఇచ్చేస్తానని హైబెర్ట్ మామయ్య ముందే బెదిరించాడు. నిన్న పట్టుకెళ్లి ఇచ్చా. ఆయన గ్రామఫోను కీర్తనల పెద్ద రికార్డులు తప్ప ఇంకోటి ఎరగదు. నిమిషానికి నలభై ఐదు చుట్లు తిరగాల్సిన మన చిన్న రికార్డుని ముప్పై మూడు స్పీడు మీద పెట్టేశాడు.

నీ డ్రమ్ములు శవయాత్రలా నడిచాయి. మన యోహెమ్ సన్న గొంతు కాస్తా సంఘపెద్ద గొంతైపోయింది. మన చర్చిలో ఒక్కో అక్షరాన్ని ఊపిరి ఆగేదాకా సాగదీస్తారు చూడు, అచ్చం అలాగే! నేను నోరు తెరిచేలోగా మామయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"గబగబా పాడేవాడు దేవుడి కోసం పాడడురా, బస్సు కోసం పాడతాడు. ఇన్నాళ్లకి మీకు బుద్ధొచ్చింది!" అన్నాడు.

నిజం చెప్పలేదు. షెడ్డు కావాలిగా మరి.

సాయంత్రం సంఘపెద్దలు నలుగురూ వచ్చి విన్నారు. వచ్చే నెల పంటల కృతజ్ఞతా ప్రార్థన రోజున చర్చి హాల్లో మనమే వాయించాలట. సరేనన్నా. కానీ మన పాట ఆ స్పీడులో మనకే రాదు. శనివారానికల్లా వస్తే నేర్చుకుందాం.

ఇంకా నెమ్మదిగానే నేర్చుకోవాలేమో. వెళ్తూ వెళ్తూ అందరికన్నా పెద్దాయన నా భుజం తట్టి, "బాగుందబ్బాయ్, కాస్త తొందరెక్కువైంది, అంతే" అన్నాడు.

నీ ఆర్గాన్‌గాడు