తీయించుకోని లూపు

మంగళవారం, కేసముద్రం

నా నడుము నొప్పి తగ్గడం లేదని అత్తమ్మను తోడు తీసుకుని దవాఖానకు వెళ్లాను. పాప కాన్పప్పుడు, మళ్లీ కడుపు రాకుండా వేసిన లూపును నర్సక్క చూసింది.

"మీ ఆయన బొంబాయి పోయి రెండేండ్లాయె. ఇంకెందుకమ్మా? తీసేస్తా."

"ఉండనియ్యక్కా," అన్నాను.

బయటికి రాగానే అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "వాడు లేడు గద. గా లూపు ఎవరి కోసం ఉంచుకున్నవ్?"

ఆటోను పిలిచాను. మార్కెట్ యార్డు ముందు పత్తి ట్రాక్టర్లు అడ్డంగా ఉంటే, ఆటోలో చాలాసేపు పక్కపక్కనే కూర్చున్నాం. నడుము కంటే ఆ మాటే ఇప్పుడు ఎక్కువ సలుపుతోంది.

ఎవరి కోసమట! ఫోన్ కూడా చెయ్యని ఆమె కొడుకు కోసమే. తీయించుకుంటే, ఆయన ఇక రాడని ఈ ఇంట్లో ముందుగా ఒప్పుకున్నది నేనే అవుతాను.