మడుగు అడుగున వెచ్చటి నీళ్ళు

అన్నా, రేపు నీ తిథి. అందుకే ఈరోజు పాకాల దాటి, నువ్వు మునిగిపోయిన కొండమడుగు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. చుట్టూ కొండలు, నడుమ నీలంగా నీళ్ళు. ఇంకా అంతే అందంగా ఉంది.

పద్దెనిమిదేళ్ళుగా ప్రతి తిథికీ మీ బావ విస్తరి ముందు కూర్చుని ఒకే మాట చెబుతారు. "వాని కోసరం మూడుసార్లు అడుగుదాకా మునిగినాను. ఆడ నీళ్ళు మంచుగడ్డ మాదిరి ఉండె. చేతులు కొంకర్లు పోయి పైకొచ్చేసినాను." ఆ మాట నమ్మే నేను ఆయనతో కాపురం చేశాను.

ఈరోజు ఈతగాడు మునెప్ప, మడుగులో పడిపోయిన మోటారు కోసం మునిగి పైకొచ్చాడు. అడుగున బాగా చలేసిందా అని అడిగాను.

"సలి పైనే మా. నిలువు లోతు దాటితే అంతా ఉప్పునీళ్ళు, తానం నీళ్ళ మాదిరి ఎచ్చగా ఉంటాది. మా నాయన దిగే కాలం నుంచీ ఇంతే."

నాకు ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదని నీకు తెలుసు. కొంగు బిగించి, నువ్వు నేర్పిన ఈతతో నేనే మునిగాను. చల్లటి నీళ్ళు దాటగానే ముందు చేతులకు, తర్వాత ముఖానికి వెచ్చదనం తగిలింది. నోట్లోకి ఉప్పు వచ్చింది.

ఇంటికొచ్చాక మీ బావ నా జుట్టు చూశారు.

"యాడ తడిసినావే?"

"మడుగులో మునిగినా."

"నీకేమన్నా పిచ్చా? ఆ అడుగు సల్లదనానికి కొంకర్లు పోయింటే ఎవురు దిక్కు?"

అంత చల్లగా ఉంటుందా అని అడిగాను. ఆయన వివరంగా చెప్పారన్నా. నేను జుట్టు తుడుచుకుంటూ చివరిదాకా విన్నాను.