బాగానా, బాగానేనా

శ్రీవారికి,

మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. ఆ మాట రాయడానికి నిన్నటిదాకా చెయ్యి రాలేదు, అందుకే ఈ ఆలస్యం. ఓడలో మీ దగ్గు తగ్గిందా? వేడినీళ్లు నిజంగా తాగుతున్నారా, నా పోరు పడలేక అలా రాస్తున్నారా? మీరడిగిన వంటింటి కుళాయి బాగుచేయించాను. ఇప్పుడు కారడం లేదు, కూస్తోంది.

"బడి నాటకంలో రాణి వేషం మన పిల్లదేగా?" అని రాశారు. కాదండీ. మీరు వెళ్లాక మాస్టారు ఆ వేషానికి దర్జీ గారమ్మాయి చేత కూడా చదివించారు. అప్పట్నుంచి మనదానికి తిండి సయించలేదు. అద్దం ముందు ఒకటే ఏడుపు సాధన. పిల్లలు రెండు జట్లయిపోయి, వీళ్లున్న చోట వాళ్లు కూర్చోవడం మానేశారు.

పోయిన శనివారం ఇద్దరి చేతా చేయించారు. నేను హాల్లో వెనక కూర్చున్నాను. మనది ఒక్క మాట తప్పకుండా, గొంతు చించుకుని చేసింది. ఆ పిల్ల మాత్రం కొడుకు పోయాడన్న కబురు విని, ఏమీ అనకుండా, భుజం మీంచి జారిన శాలువా సర్దుకుంది. తెలియకుండానే నేనూ నా పైట సర్దుకున్నాను. వేషం ఆ పిల్లకే ఇచ్చారు. మనది ఆ కబురు మోసుకొచ్చే చెలికత్తె వేషం.

మీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నది ఇది. బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగింది: "అమ్మా, నిజం చెప్పు. అది నాకన్నా బాగా చేసిందా?"

"అవునమ్మా" అనేశాను.

"నువ్వు కూడానా?" అంది. ఇంటికి రాగానే గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. రిహార్సల్‌కి పోలేదు, నాతో మాట్లాడలేదు. అబద్ధం చెప్పి ఉంటే ఏం పోయేదని ఎన్నిసార్లు నెత్తి కొట్టుకున్నానో.

నిన్న సాయంత్రం దర్జీ గారమ్మాయి వచ్చింది. వస్తూనే మనదాని గది తలుపు బాదింది.

"ఒసేయ్, ఎదురుగా నువ్వు లేకపోతే నాకు రావట్లేదే! మాస్టారు తిడుతున్నారు."

"రాకపోతే మానెయ్."

"మానేస్తే నువ్వు చేస్తావా?"

"చేస్తా!"

"అయితే మానను. బయటికి రా."

తలుపు తెరుచుకుంది. జుట్టూ జుట్టూ పట్టుకుంటారేమోనని నేను వెనకే పరుగెత్తాను. వాళ్లు మంచం గోడకి జరిపి నాటకం మొదలెట్టారు.

ఆ పిల్ల వెళ్లాక ఇది వంటింట్లోకి వచ్చింది.

"ఎలా చేశాను?"

"బాగానే చేశావు."

"బాగానా, బాగానేనా?"

మళ్లీ తలుపేసుకుంటుందేమో! అయినా చెప్పాను: "కబురు చెప్పేటప్పుడు రాణి కళ్లలోకి చూడలేకపోయావే, అక్కడ బాగా చేశావు. మిగతాదంతా బాగానే."

కంచం ముందుకు లాక్కుంది.

నా మీద కోపం పోయిందో లేదో తెలియదు. ఇవాళ రిహార్సల్‌కి వెళ్తూ, "నాటకం రోజు ముందు వరసలో కూర్చోకు. నువ్వు కనిపిస్తే నాకు భయం" అంది.

రావద్దని మాత్రం అనలేదండీ.

ఇట్లు,
వెనక వరసలో చోటు వెతుక్కుంటున్న
మీ ఇల్లాలు