ఆమె మీద పడిన వెలుగు

పిన్నీ,

ఫోన్ చేసినప్పుడల్లా "గొంతు అలా ఉందేమే?" అంటావు. జలుబని అబద్ధం చెబుతూ వచ్చాను. ఏడాది పొడవునా ఎవరికుంటుంది జలుబు? నోటితో చెప్పలేక రాస్తున్నాను.

మా ఆయన మనసు ఇప్పుడు మేం తీస్తున్న సినిమా కథానాయిక మీదికి పోయింది. ఎవరో నా చెవిన వేసిన మాట కాదు. కెమెరాలోంచి నేనే చూశాను. ఆ రోజు ఆమె క్లోజప్ తీస్తున్నాం. ప్రియుడు గుమ్మంలోకి వచ్చాడనుకుని తలెత్తి చూడాలి. ప్రియుడి వేషం వేసినతను రాలేదు, ఆ చోట మా ఆయన నిలబడ్డాడు. ఆమె తలెత్తింది. ఇన్నేళ్ళుగా నటన చూడటమే నా ఉద్యోగం పిన్నీ. అది నటన కాదు. "కట్" అనాల్సిన దర్శకుడూ ఆయనే. అనలేదు, చూస్తూ ఉండిపోయాడు. చివరికి కెమెరా నేనే ఆపాను.

మరుసటి షాట్‌కి నా చెయ్యి లైటు దాకా వెళ్ళింది. దాన్ని కాస్త పైకెత్తితే చాలు, కళ్ళ కింద గుంటలు పడి ముఖం పీక్కుపోయినట్టు కనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. నా వల్ల కాలేదు. పైగా ఆమె చెంప పక్కన తెల్లగుడ్డ పట్టించి నీడల్ని ఇంకా మెత్తబరిచాను. సవతికి సింగారం చేసే పిచ్చిది లోకంలో నువ్వొక్కదానివే అంటావు. అను.

కేబుళ్ళు చుట్టే రోజుల్లో "ఆడపిల్లవి, కెమెరా మోయగలవా?" అని అందరూ నవ్వేవాళ్ళు. అప్పటికి సహాయ దర్శకుడైన ఈయన ఒక్కడే "మోయడం సంగతి సరే, చూడటం వచ్చా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకే పడిపోయాను. ఆయన తీసిన ప్రతి సినిమాకీ కెమెరా నాదే. ఇంకెవరూ నన్ను పిలవలేదు. ఇప్పుడు ఇల్లు వదిలితే పని కూడా వదిలినట్టే. సినిమా పూర్తయ్యేదాకా నోరు విప్పదలుచుకోలేదు.

నీ గుడ్లగూబ


పిన్నికి,

"ముందు ఆ కెమెరా వాడి నెత్తిన పడేసి వచ్చెయ్" అన్న నీ జవాబు చదివి చాలా రోజులకి నవ్వాను. కెమెరా చాలా సున్నితమైంది పిన్నీ, ఆయన నెత్తి కోసం పాడుచెయ్యలేను.

సినిమా పూర్తయింది. నిన్న రంగులు సరిచేసే గదిలో కూర్చున్నాం. టెక్నీషియన్ టీకి వెళ్ళాడు. తెర మీద ఆ క్లోజప్పే ఆగి ఉంది. ఉండబట్టలేక అడిగేశాను.

"ఎప్పటి నుంచి?"

ఆయన బుకాయించలేదు. "మొదట్లో ఏమీ లేదు. సెట్‌లో మామూలు అమ్మాయే. రోజూ తీసింది సాయంత్రం వేసుకుని చూస్తూ చూస్తూ..." అని తెర వైపు చెయ్యి చూపించాడు. "నువ్వు చూపించిన ఆమెని చూశాకే."

"అంటే తప్పు నాదా?"

"తప్పని ఎవరన్నారు? నువ్వు చూపించావు, నేను చూశాను."

నా పనికి ఇంతకంటే మెప్పు జన్మలో రాదు పిన్నీ. "మరి నన్నెప్పుడైనా చూశావా?" అని అడిగాను. ఆయన నోరు తెరిచేలోగా టెక్నీషియన్ వచ్చి, "మేడమ్, ఈ చెంప మీద ఇంకొంచెం వెచ్చదనం పెంచనా?" అన్నాడు.

"పెంచు," అన్నాను.

ఈ ఉదయం బట్టలు సర్దుకుని అద్దె గదికి వచ్చేశాను. ఆగమంటే ఆగేదాన్నేమో. ఆయన పెట్టె కింది దాకా మోసిపెట్టాడు.

నీ గుడ్లగూబ


పిన్నీ,

రెండు సంగతులు. మొదటిది మంచిది. సముద్రం మీద సినిమా తీస్తానంటూ ఒక కొత్త దర్శకురాలు వచ్చింది. "మీరు మీ ఆయనవి తప్ప చెయ్యరేమోనని ఇన్నాళ్ళూ అడగలేదండీ" అంది. ఒప్పుకున్నాను. వచ్చే వారమే ప్రయాణం.

రెండోది. ఇవాళ మధ్యాహ్నం ఆ అమ్మాయి, అదే ఆ కథానాయిక, నా గదికి వచ్చింది. మేకప్ లేదు, కళ్ళు వాచి ఉన్నాయి. తలుపు మూసేద్దామనుకున్నాను. "ఏమైనా తిన్నావా?" అన్నాను. మన నోటికి అదే వస్తుంది కదా.

"ఆయన నన్ను కిటికీ దగ్గర కూర్చోమంటారు అక్కా. ముఖం ఇటు తిప్పు, అటు తిప్పు అంటారు. కాసేపు చూసి లేచి వెళ్ళిపోతారు. నిన్న అన్నారు, 'నువ్వు తెర మీద ఇలా ఉండవే' అని."

వెక్కి వెక్కి ఏడ్చింది. నవ్వొస్తుందని ఎదురుచూశాను, రాలేదు. పగటి వెలుతురులో ఆమె చిన్న పిల్ల. గడ్డం మీద మొటిమ, నుదుటి మీద ఎప్పటిదో గాటు. నేనే దాచిపెట్టినవి.

"నాకు ఆయన్ని వదిలేద్దామని ఉంది. కానీ రమ్మంటే మళ్ళీ వెళ్ళిపోతానేమోనని భయం. ఏం చెయ్యమంటారు?"

"నన్నడుగుతావేమే? పిలిస్తే నేను వెళ్ళకుండా ఉంటానో లేదో నాకే తెలియదు."

ఆమె తలెత్తి నన్ను చూసింది. నేనింకా ఆయన్ని మరిచిపోలేదని అప్పుడే తెలిసినట్టుంది. అంతలో బల్ల మీది ఫోన్ మోగింది. ఆయనే. అది నా ఫోను.

మోగినంతసేపూ ఇద్దరం దాని వంకే చూస్తూ కూర్చున్నాం. నేను తియ్యలేదు పిన్నీ. ఆగిపోయాక మాత్రం భోరుమన్నాను. ఆ అమ్మాయే లేచి, గ్లాసెక్కడుందో వెతుక్కుని, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నీ గుడ్లగూబ